ప్రార్థనలో కళ్ళు మూసుకోని మాస్టారు

మా లెక్కల మాస్టారు పోయారన్న కబురు ప్రార్థన మధ్యలో వచ్చింది. సోమవారం పొద్దున్న పిల్లలంతా బడి ఆవరణలో వరసల్లో నిలబడి ఉన్నారు. ప్రార్థన చెబుతున్నది నేనే. చేతిలో ఫోను రెండుసార్లు వణికింది. హెడ్మిస్ట్రెస్సే ప్రార్థనలో ఫోను చూసుకుంటే ఇక పిల్లలకేం చెబుతాం? ఆమెన్ అన్నాక చూస్తే అమ్మగారి నంబరు. మాస్టారి భార్యని మా బడిలో అందరం అమ్మగారనే పిలుస్తాం.

"కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేరమ్మా. పేపరిమ్మన్నారు. నేను తెచ్చేలోపే అయిపోయింది," అన్నారావిడ. "ఎవరికి ముందు చెప్పాలో తెలీలేదు. నీకే చేసేను," అన్నారు.

ఆ మాట నన్ను ఇప్పటికీ నిలవనివ్వడం లేదు. ముందుగా కబురందుకునేటంత మంచి నేనాయనకి ఏమీ చెయ్యలేదు. చేసిందేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అంతకు ముందు రోజు ఆదివారం. చర్చి అయ్యాక వెళ్ళి ఆయనకొక సంగతి చెప్పాలనుకున్నాను. వాన పడుతోందని మానేశాను. చేతిలో గొడుగుంది. అయినా మానేశాను.

మా బడి రాజోలు దగ్గర, గోదావరి పాయ గట్టుకి ఆనుకుని ఉంటుంది. మిషను వాళ్ళు కట్టిన బడి. మా వాళ్ళని ఊళ్ళో బడి అరుగు ఎక్కనివ్వని రోజుల్లో మా కోసమే కట్టింది. మా అమ్మమ్మ పగలంతా ఊడ్పులకి వెళ్ళి, సాయంత్రం ఈ వరండాలో అ ఆలు దిద్దుకుంది. వేలిముద్ర మానేసి సంతకం పెట్టిన రోజున ఆసామి నవ్వాడని చనిపోయేదాకా చెప్పుకుంది. మా అమ్మ ఇక్కడే చదివి నర్సయింది. నేనిక్కడే చదివి, ఇక్కడే టీచర్నై, ఇప్పుడిక్కడే హెడ్మిస్ట్రెస్సుని. ఈ బడిని ఒక్క మాట అనాలంటే నాకు నోరు రాదు. చదివేవాళ్ళు ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి.

మాస్టారు హిందువు. నుదుట కందిగింజంత కుంకుమ బొట్టు, జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు, జేబు అడుగున తెల్లటి మరక. వాళ్ళ నాన్నగారికి అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. ఆ కొట్లో కూర్చోమంటే నా వల్ల కాదని, పక్క ఊళ్ళో చిన్న ఇల్లు తీసుకుని సైకిలు మీద మా బడికొచ్చి లెక్కలు చెప్పుకున్నారు. కొబ్బరి మాత్రం ఆయన్ని వదల్లేదు. ఏ లెక్క మొదలుపెట్టినా అందులో ఒక లారీ, దాని నిండా కాయలు ఉండేవి.

ప్రార్థనప్పుడు ఆయన ఆఖరి వరస వెనకాల చేతులు కట్టుకుని నిలబడేవారు. తల వంచేవారు గానీ కళ్ళు మూసుకునేవారు కాదు. మా తరగతిలో ఒకమ్మాయి ఆ సంగతి కనిపెట్టి, ఎందుకని అడిగింది. తను కళ్ళు తెరిచి ఉంటేనే కదా కనిపెట్టేది! ఆయన దాన్ని తిట్టలేదు. "అందరం మూసుకుంటే మిమ్మల్ని చూసేదెవరమ్మా? మొత్తం దేవుడి మీద వదిలేస్తే ఎలాగ, ఆయనకి చాలా బళ్ళున్నాయి," అన్నారు.

నేను తొమ్మిదిలో ఉండగా ఒకరోజు ప్రార్థన మధ్యలో ఎవరో నా జబ్బ పట్టుకుని ఈడ్చేశారు. కింద పడి కళ్ళు తెరిచేసరికి నేను నిలబడిన చోట ఎండు కొబ్బరిమట్ట పడి ఉంది. ఆ పక్కనే మాస్టారు ఆయాసపడుతున్నారు. అప్పుడున్న పాస్టరు అయ్యగారు పరుగున వచ్చి, "దేవుడు కాపాడేడు మాస్టారూ!" అన్నారు. "ఆయ్, దేవుడేనండి. చెయ్యి మాత్రం నాదండి," అన్నారీయన. అయ్యగారు కూడా నవ్వేశారు. ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ మంచి స్నేహితులు. ఆ తరవాతా స్నేహితులే. అదే నాకు మింగుడుపడని సంగతి.

పేపర్లు దిద్దడంలో మాస్టారిదొక పద్ధతి. లెక్క తప్పయితే ఎర్రసిరాతో కొట్టేసి పక్కన సరిచేసేవారు. జవాబు సరిగ్గా ఉండి, అక్కడికెలా వచ్చామో రాయకపోతే, కొట్టేసేవారు కాదు. కింద 'జవాబు సరైనదే' అని రాసి, ఆ పక్కన మార్కు వెయ్యకుండా వదిలేసేవారు. ఆ రెండు మాటలు చూస్తే మాకు చెమటలు పట్టేవి. పక్కవాడి కాగితంలో చూసి రాశామని ఆయనకి తెలిసిపోయిందని అర్థం. "ఏ దారిన వచ్చేవో రాయాలమ్మా. దారి రాయకపోతే ఆ జవాబు నీది కాదు," అనేవారు.

నేను డిగ్రీ, బీఈడీ చేసి వచ్చేసరికి ఆయన మా బడిలో చేరి పద్నాలుగేళ్ళు. పద్నాలుగేళ్ళూ టెంపరరీయే. ఆ ఏడు లెక్కలకి ఒక రెగ్యులర్ పోస్టు మంజూరైంది. ఎంపిక మేనేజిమెంటుదే. చర్చి సంఘ సభ్యులకు ప్రాధాన్యమని కాగితంలో స్పష్టంగా రాసి, గేటుకి అంటించారు. మా అమ్మ ఆ సాయంత్రమే అయ్యగారి దగ్గరికెళ్ళి, నేను మా సంఘంలో పుట్టి పెరిగిన పిల్లనని ఉత్తరం రాయించుకొచ్చింది. మాస్టారు కూడా దరఖాస్తు పెడుతున్నారు కదా అన్నాను. "ఆయనకి కొట్టుంది, తోటుంది. నీకేముంది?" అంది అమ్మ. ఆయన కొట్టూ తోటా ఎప్పుడో తమ్ముడికి వదిలేశారని మా ఇద్దరికీ తెలుసు.

దరఖాస్తు ఫారం మా ఇద్దరికీ ఒకటే. అందులో 'సంఘారాధనకు హాజరు' అని ఒక గడి ఉంటుంది. దానికింద అయ్యగారి సంతకం ఉండాలి. నాకు అయ్యగారు 'క్రమము తప్పదు' అని రాసిచ్చారు. హాస్టల్లో ఉన్న నాలుగేళ్ళలో నేనెన్ని ఆదివారాలు పడుకుని ఉన్నానో ఆయనకేం తెలుసు? మాస్టారు ఆ గడి ఖాళీగా వదల్లేదు. 'బడి ప్రార్థనకు హాజరు: పద్నాలుగు సంవత్సరాలు. పనిచేసిన ఏ దినమూ తప్పలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద తనే సంతకం పెట్టుకున్నారు. ఆయన హాస్యానికి రాయలేదు. గడి ఉంది కాబట్టి నిజం రాశారు.

ఇంటర్వ్యూ రోజున ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. నేను సూత్రాలు గొణుక్కుంటుంటే, "త్రికోణమితి అడుగుతారు. కంగారు పడకుండా ముందు బొమ్మ గియ్యి," అని ఆయనే ధైర్యం చెప్పారు. ఆయన్ని ముందు పిలిచారు. ఎండాకాలం, కిటికీలు తీసున్నాయి, లోపలి మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి.

ఒక కీర్తన చెప్పమన్నారు. మాస్టారు మొదటినుంచి చివరిదాకా ఒక్క పదం పోకుండా చెప్పారు. రోజూ వెనకాల నిలబడి విన్నదేగా! అప్పుడు అయ్యగారు, "మాస్టారూ, నా మాటినండి. బాప్తిస్మం తీసుకోండి. వచ్చే ఆదివారమే ఇస్తాను. పోస్టు మీదే," అన్నారు. ఆ గొంతులో బతిమాలడం ఉంది. ఆయన నిజంగానే మాస్టారికి మేలు చెయ్యాలనుకున్నారు.

"అయ్యగారూ, ఉద్యోగం కోసం మునిగితే మీ దేవుడు నన్ను నమ్ముతాడాండీ? మా దేవుడు మాత్రం నమ్ముతాడాండీ? ఇద్దరి దగ్గరా మాట పోతుందండి."

బడి నడిపే కరస్పాండెంటుగారు అందుకున్నారు. "మీ మీద మాకేం లేదు మాస్టారూ. మా పిల్లల్ని మేం వేసుకోకపోతే ఇంకెవరు వేసుకుంటారు చెప్పండి? దేవస్థానంలో గుమాస్తా పోస్టు పడితే మావాళ్ళకి దరఖాస్తు పెట్టుకునే వీలుందా?"

"లేదండి. నిజమేనండి," అన్నారు మాస్టారు. మళ్ళీ ఆయనే, "ప్రార్థన చెప్పేవారికి నమ్మకం ఉండాలండి, కాదన్ను. హారతిచ్చేవారికీ ఉండాలి. సైన్ థీటా చెప్పడానిక్కూడా కావాలేమో, అది నాకు తెలీదండి," అన్నారు.

తరవాత నన్ను పిలిచారు. నన్నూ అదే కీర్తన చెప్పమన్నారు. మధ్యలో రెండు వరసలు మరిచిపోయాను. అయ్యగారే నవ్వుతూ అందించారు. త్రికోణమితి ఎవరూ అడగలేదు.

పోస్టు నాకొచ్చింది.

ఆర్డరు కాగితం పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను. వెళ్ళకపోతే తప్పు, వెళితే సిగ్గు. అమ్మగారు మజ్జిగ ఇచ్చారు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివారు. మడతపెట్టి నా చేతికిచ్చి, "జవాబు సరైనదే," అన్నారు. ఇంకేమంటారోనని చూశాను. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. మజ్జిగ సగంలోనే కింద పెట్టి లేచాను. గుమ్మందాకా వచ్చి మాత్రం, "మా వాళ్ళు మీ అమ్మమ్మని అరుగెక్కనివ్వలేదమ్మా. ఈ బడి మీది. నేను అద్దెకున్నవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు, నువ్వేం బాధపడకు," అన్నారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆయన మీద కోపం తెచ్చుకుని బతికేదాన్ని.

ఆయన మానెయ్యలేదు. చిన్న తరగతులకి చెప్పమంటే సరేనన్నారు. పదిహేనేళ్ళు ఒకే స్టాఫ్ రూములో, ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నాం. మా బడిలో హాజరుకి రెండు పుస్తకాలుంటాయి. రెగ్యులర్ వాళ్ళకి అట్ట వేసిన రిజిస్టరు, టెంపరరీ వాళ్ళకి మామూలు పొడుగు నోటుబుక్కు. రోజూ పొద్దున్న పక్కపక్కనే నిలబడి నేను రిజిస్టర్లో, ఆయన నోటుబుక్కులో సంతకం పెట్టేవాళ్ళం. నాకొక్కోసారి పెన్ను దొరక్కపోతే ఆయనే తన పెన్నిచ్చేవారు.

నేను పాఠం చెబుతుంటే పక్క గదిలోంచి వినేవారు. తప్పు పోతే పిల్లల ముందు అనేవారు కాదు. ఇంటర్వెల్లో టీ తాగుతూ, "వర్గ సమీకరణానికి రెండు జవాబులుంటాయమ్మా. ఒకటి దొరగ్గానే సంబరపడి కూర్చోకూడదు. రెండోది కూడా నిజమే," అనేవారు. నాకా మాట లెక్కల గురించి మాత్రమే వినపడేది కాదు. మా బడి మా వాళ్ళని వేసుకోవడం న్యాయమే. మాస్టారికి జరిగింది అన్యాయమే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఒకదాన్ని ఒప్పుకుంటే రెండోది అబద్ధమవుతుందేమోనని చాలాకాలం పెనుగులాడాను. అవలేదు. రెండూ నిజంగానే ఉండిపోయాయి, మధ్యలో నేనున్నాను.

ఒకసారి తట్టుకోలేక రాజీనామా రాశాను. అమ్మకి చూపించకుండా ముందు ఆయనకే చూపించాను.

"నువ్వు మానేస్తే ఆ కుర్చీ నాకిస్తారా?" అన్నారు.

"ఇవ్వరండి."

"ఇంకో ఉత్తరం పట్టుకుని ఇంకొకరొస్తారు. వాళ్ళకి లెక్కలు రాకపోతే పిల్లల గతేంటి? నీకు నేను నేర్పేను కాబట్టి నాకు ధైర్యం. వెళ్ళి కూర్చో."

వెళ్ళి కూర్చున్నాను. తప్పుకుందామన్నా దారి లేకుండా చేశారు మహానుభావుడు. క్షమాపణ అడుగుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఏమని అడగను? క్షమించమని అడగాలంటే ఉద్యోగం వెనక్కివ్వాలి కదా. నెలనెలా జీతం తీసుకుంటూ క్షమించమనడం ఏం మర్యాద?

మోకాళ్ళు అరిగిపోయి ఒక శుక్రవారం ఆయనే ఇక రాలేనన్నారు. రెగ్యులర్ వాళ్ళు రిటైరైతే మా బడిలో సభ పెడతాం, పూలదండలు, భోజనాలు ఉంటాయి. టెంపరరీ వాళ్ళకి రిటైర్మెంటు తేదీ అనేదే ఉండదు గనక సభా ఉండదు. నోటుబుక్కులో ఆఖరి సంతకం పెట్టి, జేబులోని రెండు సుద్దముక్కలూ నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నేను శాలువా కొని ఇంటికి పట్టుకెళ్ళాను. "ఎండాకాలం శాలువా ఏంటే పిచ్చిపిల్లా," అని నవ్వి, అమ్మగారిని బీరువాలో పెట్టమన్నారు.

ఈ ఏడు మళ్ళీ ఒక రెగ్యులర్ పోస్టు పడింది. సైన్సుకి. మా బడిలో ఆరేళ్ళుగా సైన్సు చెబుతున్న టెంపరరీ టీచరుంది. హిందువుల పిల్ల. ఆ అమ్మాయి పాఠం చెబితే వెనక బెంచీ కూడా నోటుబుక్కు తీస్తుంది. మా సంఘం నుంచి ఇంకొకమ్మాయి ఉత్తరంతో దరఖాస్తు పెట్టింది. తనూ మంచి పిల్లే. వాళ్ళ నాన్న బస్తాలు మోసే జట్టు కూలీ, ఆ ఇంట్లో మొదటి డిగ్రీ తనది. ఎంపిక కమిటీలో ఇప్పుడు నేనున్నాను.

ఏం చెయ్యాలో తోచక మాస్టారి దగ్గరికి వెళ్ళాను. వరండాలో మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారు. సంగతంతా విన్నారు.

"నలుగురు అటు, నేనొక్కదాన్నీ ఇటు. నేను చెయ్యెత్తితే మాత్రం ఏమవుతుందండీ?" అన్నాను.

"నిన్ను జవాబు మార్చమని ఎవరన్నారు? అది నీ చేతిలో లేదు. స్టెప్పులు రాయి."

"అంటే?"

"ఎందుకిచ్చేరో అదే రాయండి. మావాళ్ళు కాబట్టి ఇచ్చేం అనుకుంటే, మావాళ్ళు కాబట్టి ఇచ్చేం అని రాయండి. అందులో తప్పు లేదనుకున్నప్పుడు రాయడానికి సిగ్గెందుకు? సిగ్గేస్తే అప్పుడు ఆలోచించుకోండి." నూనె గిన్నె పక్కన పెట్టి, "నన్నెందుకు కాదన్నారో ఎక్కడా రాయలేదమ్మా. నాకు లెక్కలు రావనేమో అని మా తమ్ముడు చాలాకాలం అనుకున్నాడు," అన్నారు.

ఇన్నేళ్ళలో తనని కాదన్న ఊసు ఆయన నోట రావడం అదొక్కసారే.

మర్నాడు బడి బీరువాలోంచి కమిటీ తీర్మానాల పాత మినిట్సు పుస్తకం తీశాను. నా ఎంపిక దగ్గర ఒక్కటే వాక్యం. 'పై అభ్యర్థిని ఏకగ్రీవంగా ఎంపిక చేయడమైనది.' మాస్టారు దరఖాస్తు పెట్టినట్టు కూడా అందులో లేదు.

ఈసారి మినిట్సు నేను రాశాను. ఇద్దరి చేతా పాఠం చెప్పించాం. ఎవరికెన్ని మార్కులు వేశామో రాశాను. ఆరేళ్ళుగా పనిచేస్తున్న టీచరుకే ఎక్కువ వచ్చాయని రాశాను. సంఘ సభ్యత్వం కారణంగా రెండో అభ్యర్థికి పోస్టు ఇవ్వడమైనదని, ఈ కారణం సరిపోదని హెడ్మిస్ట్రెస్సు అభిప్రాయమని రాశాను. కరస్పాండెంటుగారు, అంటే పాతాయన కొడుకు, కళ్ళజోడు పైకెత్తి, "ఇవన్నీ రాయాలా తల్లీ? ఏకగ్రీవం అని రాసేస్తే పోయేదిగా," అన్నారు.

"జరిగిందే రాసేనండి. అబద్ధం ఉంటే కొట్టెయ్యండి," అన్నాను.

పుస్తకం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తిరిగింది. ఎవరూ ఒక్క అక్షరం కొట్టలేదు. నలుగురూ సంతకాలు పెట్టారు. ఆఖర్న నేనూ పెట్టాను. పోస్టు మా సంఘం అమ్మాయికే వెళ్ళింది. ఆ పిల్ల సంతోషం చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, ఆ సంతోషం ఒకప్పుడు నాది. సైన్సు టీచరు నోటుబుక్కులో సంతకం పెట్టుకుని ఎనిమిదో తరగతికి వెళ్ళింది.

ఆదివారం మాస్టారికి చెబుదామనుకున్నది ఇదే. దారి రాశాను మాస్టారూ, జవాబు మాత్రం మారలేదు అని.

నేను వెళ్ళేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. ఒంటి మీద నేనిచ్చిన శాలువా. బీరువాలో ఉన్న మడతలు ఇంకా పోలేదు. అప్పటి పాస్టరు అయ్యగారు, ఇప్పుడు ముసలాయన, పాలెం నుంచి ఆటోలో వచ్చి, ఒక పక్కగా కుర్చీలో కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు.

స్టాఫు పోతే బడికి ఒకరోజు సెలవిస్తాం. కరస్పాండెంటుగారికి ఫోను చేశాను. "ఆయన రిజిస్టర్లో లేరు కదమ్మా," అన్నారు. ఆయన గొంతులో కూడా బాధే ఉంది. "పోనీ రేపు ప్రార్థనలో తలుచుకోండి. పోయినవాళ్ళ కోసం మనం ప్రార్థన చెయ్యం కాబట్టి కుటుంబం కోసమని చెయ్యండి."

మంగళవారం పొద్దున్న మా లెక్కల మాస్టారి కుటుంబం కోసం ప్రార్థన మొదలుపెట్టాను. పిల్లలు కళ్ళు మూసుకున్నారు. రెండు వాక్యాలు చెప్పాక కళ్ళు తెరిచాను. ఇరవై ఏళ్ళకి పైగా ఈ ఆవరణలో ప్రార్థన చేశాను గానీ, ప్రార్థన ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. అన్ని వందల మొహాలు కళ్ళు మూసుకుని, తమనెవరో చూసుకుంటున్నారన్న ధీమాతో నిలబడి ఉన్నాయి. ఇది రోజూ ఆయనొక్కరే చూశారు.

ఆఖరి వరస వెనకాల, మాస్టారు నిలబడే చోట, సైన్సు టీచరు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె కళ్ళూ తెరిచే ఉన్నాయి. నావైపు చూసింది, తరవాత తలెత్తి కొబ్బరిచెట్ల వైపు చూసింది. కొత్తగా చేరిన మా సంఘం అమ్మాయి మొదటి వరస పక్కన గట్టిగా కళ్ళు మూసుకుని ఉంది. సరిగ్గా ఆ పిల్ల తలకి పైన, చెట్టుకి, ఒక ఎండుమట్ట వేలాడుతోంది. సైన్సు టీచరు చప్పుడు చెయ్యకుండా వరసల మధ్యనుంచి నడిచి వచ్చి, ఆ పిల్ల భుజం పట్టుకుని నాలుగడుగులు పక్కకి జరిపి, మళ్ళీ వెనక్కి వెళ్ళి నిలబడింది. మట్ట పడలేదు. నేను ఆమెన్ అన్నాను.